కండువా కింద ముఖం

తెలివితక్కువవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారని గెడ్డపేటలో ఎవరినడిగినా పక్క ఊరివైపు చెయ్యి చూపిస్తారు. తెలివైనవాళ్ళెవరని అడిగితే మాత్రం బంగారునాయుడి కొడుకులు ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడతారు. అడగకపోయినా నిలబడతారు, అదీ వచ్చిన చిక్కు. వానాకాలంలో ఇంటికప్పు కారుతోందని మొత్తం కప్పే విప్పేసిన బుర్రలవి. కప్పే లేకపోతే ఇంక కారేదేమిటి చెప్పండి?

పెద్దవాడు పారినాయుడు. ఏ పనైనా బాగా ఆలోచించి చేస్తాడు, చేశాక ఎందుకు చేశానా అని మళ్ళీ ఆలోచిస్తాడు. నడిపివాడు తవిటినాయుడు. అన్న ఏమన్నా "నేననుకుంటున్నదీ అదే" అంటాడు, ఒక్కోసారి అన్న నోరు విప్పకముందే అనేస్తాడు. చిన్నవాడు పోలినాయుడు. తల సగం నెరిసినా ఆ ఇంట్లో అతను చిన్నవాడే. అన్నలిద్దరి తెలివీ కలిపితే ఎంతో తనొక్కడికే అంత ఉందని పోలినాయుడి నమ్మకం. ఆ లెక్క తప్పని నేననలేను.

వాళ్ళ తల్లి ఎర్నమ్మ. ఆవిడ ఆ ఇంట పుట్టలేదు, మెట్టింది. అందుకని కాస్త తెలివి మిగిలింది.

ఒకరోజు పొద్దున్న ఎర్నమ్మ అంబలి తాగుతూ తాగుతూ గిన్నె కింద పెట్టేసింది. కళ్ళు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

"ఒరే, మీ అయ్య ముఖం నా తల్లోంచి జారిపోతోందిరా," అంది. "మొన్నటిదాకా కళ్ళు మూస్తే చాలు, ఎదురుగా నిలబడేవాడు. ఇప్పుడు కండువా ఒక్కటే అగుపిస్తోంది."

పోలినాయుడు ఉలిక్కిపడి అమ్మ తల రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎందుకంటే అయ్య ముఖం ఉన్నది ఆ ఒక్క తలలోనే. అయ్య పోయేనాటికి పోలినాయుడు అమ్మ కడుపులో ఉన్నాడు. పారినాయుడు ఎప్పుడూ అయ్య భుజాలమీదెక్కి తిరిగినవాడు, అతనికి అయ్య నడినెత్తి తప్ప ఇంకేమీ తెలీదు. తవిటినాయుడు అయ్య పంచె పట్టుకుని వెనకాల నడిచినవాడు, అతనికి తెలిసింది వీపు. అమ్మ తలలోంచి ఆ ముఖం కాస్తా పోయిందంటే అయ్య ఇంక ఎక్కడా లేనట్టే.

ఫోటో లేదా అంటారేమో. ఉంది, లేకేం. ఎర్నమ్మ పెళ్ళినాడు పట్నం నుంచి ఫోటోలాయన వచ్చి మూడు కాళ్ళ కొయ్యమీద పెట్టె నిలబెట్టాడు. నిలబెట్టి, పెట్టె వెనక చేరి నల్లగుడ్డ తలమీంచి కప్పుకున్నాడు. బంగారునాయుడు మర్యాద తెలిసిన మనిషి. ఎదుటివాడు ముసుగేసుకున్నాక మనం వేసుకోకపోతే ఏం బాగుంటుందని తనూ భుజంమీది కండువా తీసి ముఖంనిండా కప్పుకున్నాడు. అంతే. ఫోటోలో పీటలమీద పెళ్ళికూతురు, పక్కన ఒక కండువా. ఇన్నేళ్ళుగా ఇంటిల్లిపాదీ దండవేసి దణ్ణం పెడుతున్నది ఆ కండువాకే. చుట్టాలొస్తే మా అయ్య ఎంత మర్యాదస్తుడో చూడండని మురిసిపోతూ చూపించేదీ దాన్నే.

సరే, ముగ్గురూ అరుగుమీద కూర్చుని ఆలోచించారు. బొమ్మలు వేసేవాళ్ళు పట్నంలో ఉంటారు. ముఖం అమ్మ తలలో ఉంది. అది కారిపోకముందే తలని పట్నం చేర్చాలి. తలలోంచి ఏదైనా జారాలంటే దారేది? చెవులు. ఇంకేముంది, పారినాయుడు పరుపు చింపి దూది తెచ్చాడు. ఎర్నమ్మ వద్దురా వద్దురా అంటున్నా రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కి, పైన తువ్వాలు బిగించి కట్టారు. పోలినాయుడు ముక్కు కూడా మూసేద్దామన్నాడు గానీ, అమ్మ చెయ్యెత్తేసరికి ఆ ఆలోచన మానుకున్నాడు.

ఆటో మాట్లాడారు. డ్రైవరు ఇంజను వేశాడో లేదో బండి గడగడ అదిరింది, ఎర్నమ్మ తలా అదిరింది. పోలినాయుడు గబుక్కున అడ్డంపడి ఆపేయమన్నాడు. ఆ అదురుకి లోపల అయ్య ముక్కు వెళ్ళి నుదుటిమీద పడితే ఎవరిది పూచీ? అంతే, ఇంజను ఆపించి అన్నదమ్ములు ముగ్గురూ ఆటోని పట్నందాకా తోసుకుంటూ పోయారు. డ్రైవరు హాయిగా తన సీట్లో నిద్రపోయాడు. దిగాక పూర్తి కిరాయి తీసుకున్నాడు, కుదుపు లేకుండా తెచ్చినందుకు పైన కూడా ఏదో అడిగాడంటారు.

పట్నంలో మొదట కనిపించింది పటాల కొట్టు. గోడనిండా ఫ్రేములు వేలాడుతున్నాయి, ప్రతి ఫ్రేములోనూ కోటు వేసుకుని నవ్వుతున్న ఒకే మనిషి. ముగ్గురూ నోళ్ళు తెరిచి చూశారు. ఎంతమంది పిల్లలుంటేనో ఒక్క తండ్రికి ఇన్ని పటాలు కట్టిస్తారని పారినాయుడు అన్నాడు. అనుకుంటున్నదీ అదే అన్నాడు తవిటినాయుడు. కొట్టతను ముందు ఫ్రేము తీసుకోండి, తర్వాత మీ మనిషిని పెట్టుకోండి అన్నాడు. ఇప్పుడందరూ గుండెలదాకా వచ్చే సైజే కొంటున్నారనీ చెప్పాడు. మరి కాళ్ళు లేకపోతే అయ్య ఇంటికెలా వస్తాడని పారినాయుడికి బెంగ. ఆటో ఉందిగా అన్నాడు తవిటినాయుడు. అది నిజమేనని ఉన్నవాటిలోకెల్లా పెద్ద ఫ్రేము కొన్నారు. అందులోని కోటు మనిషిని మాత్రం జాగ్రత్తగా బయటికి తీసి, వాళ్ళ పిల్లలు వెతుక్కుంటారు బాబూ అని కొట్టతని చేతిలో పెట్టి వచ్చారు.

పక్కనే కంప్యూటరు కొట్టు. వెంట తెచ్చిన పెళ్ళిఫోటో బల్లమీద పెట్టి, కండువా కొంచెం పైకెత్తమన్నారు. ముఖం చూసుకున్నాక మళ్ళీ దించేయొచ్చన్నారు. కంప్యూటరు ముందు కూర్చున్నతను మంచివాడే. కండువా కింద ఏముందో యంత్రానికి తెలీదని ఓపిగ్గా చెప్పి, కావాలంటే ఒక ముఖం కల్పించి ఇస్తానన్నాడు. అని, రెప్పపాటులో తెరమీద కోరమీసం మనిషినొకణ్ణి నిలబెట్టాడు. తవిటినాయుడు దణ్ణం కూడా పెట్టేశాడు. ఎర్నమ్మ తెరమీదికి వంగి చూసి, ఎవరి బిడ్డో చక్కగా ఉన్నాడు, పెళ్ళయిందా అని అడిగింది.

పోలినాయుడు ఆ యంత్రం మా అయ్యని ఎప్పుడైనా చూసిందా అని అడిగాడు. లేదన్నాడతను.

"నేనూ చూళ్ళేదు, అదీ చూళ్ళేదు," అన్నాడు పోలినాయుడు. "ఇంక అదెందుకు బాబూ?"

చివరికి ఎవరో చెబితే పాతబజారులో కూర్మాచారి ఇల్లు పట్టుకున్నారు. తాతల నాటినుంచీ మనుషుల బొమ్మలు వేసే వంశం ఆయనది. మనిషి మాటకారి, వినేవాళ్ళు దొరికి చాలాకాలమైనట్టుంది. కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. వెనకటికి మనిషి బొమ్మంటే గుడి గోడమీద దేవుడి పాదాల దగ్గరే, అదీ బొటనవేలంత, రాజైనా సరే దణ్ణం పెడుతూ నిలబడాల్సిందే. తర్వాత జమీందార్లు వచ్చి, దేవుణ్ణి పక్కకి జరిపి నిలువెత్తు బొమ్మలు వేయించుకున్నారు. ఒక్కో బొమ్మకి దొరవారు నెలలతరబడి కుర్చీలో కదలకుండా కూర్చునేవారట. రాణులు తెర వెనక ఉండేవారు. దాసీ వచ్చి కన్ను ఇలా, ముక్కు ఇలా అని తన ముఖంమీద చూపిస్తుంటే తాతగారు వేసేవారు. అందుకే ఆ కోటలో రాణులందరివీ దాసీ పోలికలే. ఆ తర్వాత కెమెరా వచ్చింది. ఆచారి తండ్రి ఆ నల్లటి ఫోటోలకి రంగులద్ది, నల్లగా పుట్టి నల్లగా పోయినవాళ్ళని కూడా గులాబీ బుగ్గలతో ఇంటికి పంపేవాడు. ఇప్పుడు ఫోనులో ఫోటో కొడితే బొమ్మ గుమ్మంలోకే వస్తోంది, వేసేవాడెవడో వేయించుకునేవాడెవడో ఒకరికొకరు తెలీదు.

నెలలతరబడి రాజు కదలకపోతే మరి రాజ్యం ఎవరు చూసేవారని పారినాయుడు అడిగాడు. అందుకే రాజ్యాలు పోయాయని తవిటినాయుడు తేల్చేశాడు.

కూర్మాచారి పెళ్ళిఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి, కుంచె పక్కన పెట్టి, అమ్మగారూ ఆయన ముక్కు ఎలా ఉండేదని అడిగాడు. ఎర్నమ్మకి వినిపిస్తే కదా. దూది తీయమంటే ముగ్గురూ ఒప్పుకోలేదు, ఇంతదూరం తోసుకొచ్చింది ఇక్కడ ఒలకబోయడానికా అన్నారు. అప్పుడు ఆచారికి తాతగారి పద్ధతి గుర్తొచ్చింది. ఫోటోలు లేనినాడు, పోయినవాళ్ళ బొమ్మ వేయాలంటే నెత్తురు పంచుకున్నవాళ్ళందర్నీ వరసగా కూర్చోబెట్టేవారట. పోయినాయన ముక్కు ఎవరికొచ్చిందో వాళ్ళ దగ్గర ముక్కు, చెవులు ఎవరికొస్తే వాళ్ళ దగ్గర చెవులు. ఎక్కడెక్కడ పంచిపెట్టి పోయాడో అక్కడక్కడ ఏరుకుని ఒక మనిషిని చేయడమన్నమాట.

ఆ మాట పోలినాయుడికి తెగ నచ్చింది. అయ్య పోలేదు, ముగ్గురిలో సర్దుకుని కూర్చున్నాడు. అయ్య తనకేం ఇచ్చి ఉంటాడా అని అతనికి ఒళ్ళంతా పులకరించింది.

పారినాయుడు తల్లి ఎదుట కూర్చుని, ఫోటోలోని కండువాకేసి వేలుపెట్టి, తన ముక్కు పట్టుకుని చూపించాడు. ఎర్నమ్మ ఔనని తల ఊపింది. నుదురు, కళ్ళు చూపించాడు, అవీ ఔనంది. తవిటినాయుడి చెవులు, గడ్డం, మీసం కూడా అయ్యవేనంది. తర్వాత పోలినాయుడు కూర్చున్నాడు. ముక్కు పట్టుకున్నాడు, ఎర్నమ్మ అడ్డంగా తల ఊపింది. చెవులు చూపించాడు, కాదంది. గడ్డం, మెడ, బుగ్గలు, ఏదీ కాదు. నోరు తెరిచి పళ్ళు చూపించాడు. చొక్కా విప్పి మోచేతులు చూపించాడు, కూర్చున్నచోటే కాళ్ళు చాపి వేళ్ళు చూపించాడు. ఎర్నమ్మ అతని బుగ్గ నిమిరి, నువ్వు మా పుట్టింటి పోలికరా నాయనా, అంతా మా అన్నే అంది.

అంతే, పోలినాయుడు చొక్కా తొడుక్కోకుండానే రంగుగిన్నెల పక్కకి పోయి కూర్చుని ఏడ్చాడు. అయ్యని తను చూడలేకపోయాడు, సరే. కనీసం ఒక చెవైనా ఇచ్చి పోకూడదా అయ్య. అన్నలకి పొలం ఎక్కువ రాసినా అతనికి అంత కష్టం ఉండేది కాదు.

ఆచారి పని మొదలుపెట్టాడు. ముక్కు కదపొద్దని పారినాయుడికి చెప్పాడు, పారినాయుడు ఊపిరి ఆపేశాడు. ముక్కు ఎర్రబడింది, ఆ తర్వాత నీలంగా మారింది, ఆచారి వీపుమీద ఒక్కటి చరిస్తే గానీ మళ్ళీ దారిలో పడలేదు. తవిటినాయుడు తన చెవులు బొమ్మలోకి వెళ్ళినంతసేపూ తనకి వినపడదనుకుని, ఎవరేం పిలిచినా పలకలేదు. ఎలాగో పొద్దు వాలేసరికి దళసరి కాగితంమీద నీటిరంగులతో మనిషి తయారయ్యాడు.

ఎర్నమ్మ బొమ్మని దూరంపెట్టి చూసింది, దగ్గర పెట్టుకుని చూసింది.

"ముక్కు ఆయనదే. చెవులూ మీసం ఆయనవే," అంది నెమ్మదిగా. "అన్నీ ఆయనవే గానీ ఆయన రాలేదురా. ఏదో తక్కువైంది."

ఏం తక్కువైందో ఆవిడకీ తెలీదు. ముఖంలో ఇంక చోటెక్కడుందని ఆచారి అన్నాడు. కొడుకులు చిన్నబుచ్చుకుంటారని ఎర్నమ్మ సరేలే, బాగుంది అనేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆచారి బొమ్మని పోలినాయుడి చేతికిచ్చి, ఆరేదాకా అద్దం బిగించొద్దన్నాడు. మీ సొంత తండ్రిని చూసుకున్నట్టు చూసుకోండి అని మరీ మరీ చెప్పాడు.

చెప్పకపోయినా బాగుండేది.

ఆటోలో ఎర్నమ్మ పక్కన అయ్యని కూర్చోబెట్టారు. డ్రైవరు మళ్ళీ నిద్రపోయాడు, అన్నదమ్ములు మళ్ళీ తోశారు. పోలినాయుడు మాత్రం ఒక చేత్తో తోస్తూ ఒక చేత్తో అయ్యని పట్టుకున్నాడు. పోలిక రాకపోతేనేం, సేవ చేయడానికి పోలిక అక్కర్లేదుగా అని అతని మనసులో ఉంది. అయ్య కాళ్ళు పిసకాలని చిన్నప్పటినుంచీ కోరిక. చూస్తే ఈ అయ్యకి గుండెలవరకే ఉంది. ఇంక చేసే సేవేదైనా ముఖానికే చేయాలి.

దారిలో టీకొట్టు వచ్చింది. మనం తాగుతూ అయ్యని చూస్తూ కూర్చోమంటామా? పోలినాయుడు సాసరులో పోసి చల్లార్చి అయ్య నోటికి పట్టాడు. టీ కాస్తా మీసంమీంచి కారింది. అయ్యో అని కండువాతో మూతి తుడిచాడు, మీసం బుగ్గదాకా జరిగింది. అయ్య నవ్వుతున్నాడని తవిటినాయుడు సంబరపడ్డాడు. అంతలో లారీ ఒకటి దూసుకుపోయింది, ఎర్రదుమ్మంతా వచ్చి అయ్య ముఖాన పడింది. పారినాయుడు ఆలోచించాడు. సొంత తండ్రి దుమ్ముకొట్టుకుపోయి ఇంటికొస్తే కొడుకులన్నవాళ్ళు ఏం చేస్తారు?

ఇంకేముంది, ఊరి ముందు గెడ్డ దగ్గర ఆటో ఆపారు. మోకాటిలోతు వాగు, నీళ్ళు తేటగా ఉన్నాయి. నేను కడుగుతానంటే నేను కడుగుతానని అన్నలిద్దరూ ముందుకొచ్చారు. మీరు ముక్కులూ చెవులూ తీసుకున్నారు, ఇదొక్కటి నాకొదలండి అన్నాడు పోలినాయుడు. ఆ మాటకి అన్నలు పక్కకి తప్పుకున్నారు. పోలినాయుడు నీళ్ళలోకి దిగి, అయ్యని ఒళ్ళో పడుకోబెట్టుకుని, దోసిళ్ళతో నీళ్ళు పోసి, సబ్బుతో మెల్లగా, కంట్లో నురగ పడకుండా చూసుకుంటూ, పసిబిడ్డకి కడిగినంత ప్రేమగా ముఖం కడిగాడు. నుదురు కడిగాడు. ముక్కు పక్కల కడిగాడు. చెవుల వెనక్కూడా వదల్లేదు.

నురగంతా పోయాక ఎత్తి చూశాడు. తెల్లకాగితం. గెడ్డలో అయ్య రంగురంగులుగా కిందికి పోతున్నాడు.

పోలినాయుడు లేచి నిలబడ్డాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. కుడి కనుబొమ పైకి లేచింది, ఎడమది అక్కడే ఉండిపోయింది. తప్పు చేసినట్టు తెలుస్తోంది, ఏం తప్పు చేశాడో మాత్రం అంతుబట్టడం లేదు. చేతిలో కాగితం నీళ్ళు కారుతోంది. ఒడ్డుమీద ఎర్నమ్మ అప్పుడే ఆటో దిగి, కొడుకు ముఖంలోకి చూసి ఆగిపోయింది.

"ఉండరా. కదలకు," అంది. "అదే. అదే మీ అయ్య."

అన్నలిద్దరూ అయ్య ఎక్కడున్నాడా అని వాగులోకి చూశారు. ఎర్నమ్మ తువ్వాలు విప్పింది, చెవుల్లో దూది పీకి గెడ్డలో పారేసింది. అయ్య కళ్ళెదుటే ఉండగా ఇంక తలలోంచి పోయేదేముందని కాబోలు. గట్టుమీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే చెప్పింది. కాపరానికొచ్చిన కొత్తలో ఒకరోజు మీ అయ్య, నిచ్చెన దొంగలెత్తుకుపోతారని తీసుకెళ్ళి అటకమీద దాచాడు. దాచి, పైనుంచి దూకేశాడు. మర్నాడు దాన్ని దింపడానికి ఇల్లంతా నిచ్చెనకోసం వెతికాడు. వెతికి వెతికి, చివరికి అటకమీద ఉందని గుర్తొచ్చినప్పుడు నట్టింట్లో ఇలాగే నిలబడ్డాడు. ఇదే నోరు, ఇదే కనుబొమ. బతికున్నన్నాళ్ళూ రోజుకొక్కసారైనా ఇలా నిలబడేవాడు. నేను చూసిందంతా ఈ ముఖమేరా, మిగతా ముక్కూ చెవులూ ఎవరు చూశారు.

పోలినాయుడికి కడుపు నిండిపోయింది. అన్నలకి తలా ఒక ముక్క ఇచ్చి, మొత్తం అయ్యని తనలో దాచిపెట్టి పోయాడన్నమాట. ఎగిరి గంతేయాలనిపించింది. వేయలేదు. అమ్మ కదలకు అంది కదా.

చీకటి పడబోతుంటే ఎర్నమ్మ పదండిరా ఇంటికని లేచింది. పదండన్నది అందరితో, కదలకన్నది తనతో. అందుకని పోలినాయుడు కదల్లేదు. పారినాయుడు బాగా ఆలోచించాడు. రాజులే నెలలతరబడి కదలకుండా కూర్చున్నారు, మనవాడు ఎందులో తక్కువ? అన్నలిద్దరూ అతన్ని అలాగే లేవనెత్తి, నోరు మూతపడకుండా, కనుబొమ దిగకుండా పట్టుకుని ఆటోలో పెట్టి ఇంటికి తోసుకొచ్చారు. అరుగుమీద కూర్చోబెట్టి ఎదురుగా కొత్త ఫ్రేము నిలబెట్టారు. కొలత సరిగ్గా గుండెలవరకు సరిపోయింది. మంచి ఫ్రేము, డబ్బు ఊరికే పోలేదని ముగ్గురూ మెచ్చుకున్నారు, పోలినాయుడు మాత్రం మనసులోనే.

ఇంక కదలొచ్చురా, నేను చూసుకున్నాలే అని ఎర్నమ్మ చెప్పాక గానీ అతను లేవలేదు. అయినా అప్పటినుంచీ సాయంత్రంపూట ఎర్నమ్మ అరుగుమీదికి వస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి ఫ్రేము వెనక్కి చేరేవాడు. ఆ ముఖం పెట్టడానికి అతనికి పెద్ద కష్టమేమీ ఉండేది కాదు. ఆవిడ కాసేపు చూసుకుని, పగలంతా జరిగిందేదో దానికి చెప్పుకుని, లోపలికి వెళ్ళిపోయేది.

ఏడాది తిరిగి బంగారునాయుడి తద్దినం వచ్చింది. పారినాయుడు ఫ్రేముకి చామంతి దండ వేశాడు. తవిటినాయుడు బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగించాడు. ఎదురుగా అరిటాకు పరిచి గారెలు, పులిహోర, పరమాన్నం అన్నీ వడ్డించారు. వడ్డించి, ఇద్దరూ చేతులు జోడించి, అయ్యా వచ్చి ఆరగించు అని మనసారా కళ్ళు మూసుకున్నారు.

తెరిచేసరికి ఆకు ఖాళీ.

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఎందరి పటాలు లేవు, ఎన్ని తద్దినాలు పెట్టలేదు. అందరి అయ్యలూ గోడమీంచి చూసి ఊరుకునేవాళ్ళేగానీ, పెట్టింది తిన్న అయ్య మరొకడున్నాడా? ఇదంతా మన ఆలోచన గొప్పతనమన్నాడు పారినాయుడు. అనుకుంటున్నదీ అదే అన్నాడు తవిటినాయుడు. ఫ్రేములోని అయ్య నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, కుడి కనుబొమ పైకి లేచి ఉంది, గడ్డంమీద పరమాన్నం మెతుకు ఒకటి అంటుకుని ఉంది. ఎర్నమ్మ కొంగుతో ఆ మెతుకు తుడిచి, ఇంకో రెండు గారెలు వేయండిరా, మీ అయ్యకి రెండోసారి అడగడం మొహమాటం అంది.